ఇరవై మూడో నంబరు తాగిన టీ

“అబ్బే, నేను చేసింది అంత చెప్పుకోదగ్గ పనేం కాదు లెండి,” అన్నాడు కూత బాబాయి.

ఆ మాట వినగానే దర్జీ కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. కంపౌండరు చేతిలో గ్లాసు కింద పెట్టేశాడు. బాబాయి నోట్లోంచి ‘చెప్పుకోదగ్గ పనేం కాదు’ అన్న ముక్క ఊడిపడిందంటే ఇక గంటదాకా ఎవరూ ఇంటి మొహం చూడరని అక్కడున్న వాళ్ళందరికీ మూడేళ్ళుగా అనుభవమే. కాకపోతే ఇవాళ బాబాయికి గంట దొరకదు. చెక్కమీద నిలబెట్టిన బుల్లి ఇంజను కడుపులో నీళ్ళు మరిగి ఆవిరి పట్టడానికి పన్నెండు నిమిషాలు పడుతుంది. ఆ లోపల ఆయన చెప్పాల్సింది చెప్పి, దక్కించుకోవాల్సింది దక్కించుకోవాలి.

ఆ పెరడు గడియారాలు బాగుచేసే ఆవిడ దుకాణం వెనక ఉంది. ఆదివారం మధ్యాహ్నం దుకాణం కట్టేశాక, రైలుబండ్ల పిచ్చి ఉన్న ఆరేడుగురు అక్కడ చేరతారు. నడుమెత్తు చెక్కలమీద మూడు వేళ్ళ వెడల్పు పట్టాలు పెరడంతా చుట్టి వచ్చేలా పరిచి ఉంటాయి. ఎవరు చేసుకున్న ఇంజను వాళ్ళు పాత తువ్వాలులో చుట్టి, పసిపిల్లని ఆస్పత్రికి తెచ్చినంత జాగ్రత్తగా తెచ్చుకుంటారు. ఇళ్ళల్లో వాళ్ళు నవ్వుతారు. వీళ్ళకి ఆ నవ్వులు పట్టవు.

రిటైరైన పోస్టుమాస్టరు ఈ బృందానికి పెద్ద. ఆయన దగ్గర ఒక నోటుపుస్తకం ఉంది, అందులో నిబంధనలున్నాయి. వాటిలో అందరికీ ప్రాణమైనది ‘మొదటి చెయ్యి’. కొత్త ఇంజను మొట్టమొదటిసారి ఆవిరిమీద కదిలేటప్పుడు దాని రెగ్యులేటరు తిప్పే హక్కు, ఆ రకం అసలు ఇంజనుని, నిజమైన పెద్దదాన్ని నడిపిన మనిషిది. అలాంటి మనిషి దొరక్కపోతేనే చేసినవాళ్ళు తిప్పుకోవాలి. రెగ్యులేటరంటే ఆవిరిని వదిలే పిడి. అది తిప్పేదాకా ఇంజను ఎంత మరిగినా అంగుళం కదలదు.

ఇవాళ్టి కొత్త ఇంజను గడియారాలావిడ రెండేళ్ళ ఏడు నెలలు కూర్చుని చేసింది. ట్యాంకు ఇంజను. పెద్ద ఇంజన్లకి నీళ్ళూ బొగ్గూ మోయడానికి వెనకాల వేరే బండి తగిలిస్తారు. ట్యాంకు ఇంజను ఎవరి సాయమూ అడగదు. రెండు చంకల్లో రెండు బిందెలు ఇరికించుకున్న మనిషిలా తన నీళ్ళు తనే మోసుకుంటూ, యార్డులో వాగన్లని అటూ ఇటూ సర్దుతుంది. ముందుకెంత పరుగో వెనక్కీ అంతే పరుగు, తిప్పి నిలబెట్టే పనే లేదు. ఆవిడ చేసినది మోచేతి పొడవుంది. ముదురాకుపచ్చ రంగు, పొగగొట్టానికి ఇత్తడి అంచు, పక్కన తెల్లటి అంకెల్లో 23.

ఆ అంకె చూడగానే బాబాయి ఇంజను మీదికి వంగాడు. మూడేళ్ళుగా ఆయన ఈ పెరట్లో చెప్పిన కథలన్నిట్లోనూ ఇంజను ఒక్కటే. ‘నేనూ నా ఇరవై మూడూ’ అనే మొదలెట్టేవాడు. నోటితో ఆ ఇంజను కూత అచ్చంగా వేసి చూపించేవాడు కనకే ఆయనకా పేరు. ఆవిడ తన కథలు విని తన కోసమే ఇది చేసిందనుకున్నాడు. ఆవిడ మాట తక్కువ మనిషి, ఎందుకు చేసిందో ఎవరికీ చెప్పలేదు. ఇంకేం, మొదటి చెయ్యి బాబాయిదే. అందరూ అదే అనుకుంటున్నారు. బాబాయి ఉదయంనించి మూడుసార్లు చేతులు కడుక్కున్నాడు కూడా.

చిక్కల్లా ఒక్కటే. మనలో మాట, కూత బాబాయి తన డెబ్బైరెండేళ్ళ జన్మలో ఏ ఇంజనూ నడపలేదు.

“నిబంధన ప్రకారం అడుగుతున్నాను, ఏమనుకోవద్దు,” అన్నాడు పోస్టుమాస్టరు కలం మూత తీస్తూ. “మీరు నడిపినట్టు ఒక్క సంఘటన చెప్పండి. పుస్తకంలో రాసుకుంటాను.”

గడియారాలావిడ ఇంజను కింద స్పిరిట్ దీపం వెలిగించింది. పొగగొట్టం మీద చిన్న ఫ్యాను పెట్టింది, మంట బాగా గుంజడానికి. గోడవార పేము కుర్చీలో ఆవిడ తల్లి కూర్చుని ఉంది. వారం కిందటే పెద్దకూతురి దగ్గర్నించి వచ్చింది. చూపు బాగా తగ్గిపోయింది, కూర్చున్నచోటే కునుకు పడుతుంది. వీళ్ళ గోల ఆవిడ వినడం ఇదే మొదలు.

“రాసుకోండి,” అన్నాడు బాబాయి. “అది ఎండాకాలం. పొద్దున్న ఆరింటికి నేను నా ఇరవై మూడు ఎక్కాను. నా ఫైర్‌మన్ అప్పటికే నిప్పు సిద్ధం చేసి పెట్టాడు. ఎలాంటివాడండీ ఆ ఫైర్‌మన్! పొడుగ్గా, సన్నగా ఉండేవాడు. నోట్లో ఎప్పుడూ ఓ లవంగం. జేబురుమాలుతో గేజీ అద్దం తుడిచేవాడు, మళ్ళీ అదే రుమాలుతో మొహం తుడుచుకునేవాడు. నుదుటిమీద నల్లటి చార పడేది, ఆయనకి తెలిసేదే కాదు.”

ఇంజనుకి నూనె వేస్తున్న గడియారాలావిడ చెయ్యి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలింది.

“యార్డులో పదకొండు వాగన్లు సర్దాలి. ఎనిమిది సర్దాం. అప్పుడు ఫైర్‌మన్ అన్నాడు, ‘సార్, ట్యాంకులో నీళ్ళు అడుగంటాయి’ అని. సరే అని బండిని నీళ్ళ స్తంభం దగ్గరికి తీసుకెళ్ళి, సరిగ్గా గొట్టం కింద ఆపాను. ఒక్క అంగుళం తేడా లేదు. అదీ నేను చేసింది.”

“అంతేనా?” పోస్టుమాస్టరు కలం ఆపాడు.

“అంతే. చెప్పాగా, గొప్పేం కాదని.” బాబాయి తాపీగా గ్లాసులో టీ ఓ గుక్క తాగాడు. “కాకపోతే ఆ గొట్టంలో నీళ్ళు రాలేదు.”

“అదీ!” అని దర్జీ తొడమీద చరుచుకున్నాడు.

“చుక్క రాలేదు. ఊరంతా ఎండిపోయింది. బాయిలరు ఎండితే పేలిపోతుంది. నిప్పు లాగేద్దామంటే, అవతల ఎక్స్‌ప్రెస్ వచ్చే టైమైంది, మిగిలిన మూడు వాగన్లూ దాని దారికి అడ్డంగా ఉన్నాయి. వాటిని తప్పించకపోతే ఇక చెప్పేదేముంది! అప్పుడు నేనేం చేశానో తెలుసా?”

“బావి తవ్వారా?” అన్నాడు కంపౌండరు.

“టైమెక్కడుందయ్యా! ప్లాట్‌ఫారం మీద టీకొట్టు ఉంది. ఎక్స్‌ప్రెస్ జనం కోసమని మూడు గుండిగల టీ కాచి పెట్టాడు. ‘ఎత్తు గుండిగ’ అన్నాను. తెచ్చి ట్యాంకుల్లో పోయించాను. ఎడమదాంట్లో ఒకటిన్నర, కుడిదాంట్లో ఒకటిన్నర.”

“ఊరంతా నీళ్ళు లేకపోతే టీ దేంతో కాచాడు బాబాయ్?”

“ముందురోజు నీళ్ళతో. అడ్డం రాకు.”

“పాలు కలిపిందేనా?”

“కలిపిందే.”

“మరి చక్కెర?”

“ఒక ట్యాంకులో వేసింది, ఒక ట్యాంకులో వెయ్యంది. ఇంజనుకి ఏది పడుతుందో మనకేం తెలుసు?”

పెరడంతా నవ్వులు. బాబాయి నవ్వలేదు. నవ్వకుండా చెప్పడంలోనే ఆయన పనితనమంతా ఉంది. ఓరకంట బుల్లి ఇంజను ఆవిరి గేజీ వంక చూశాడు. గోరంత గేజీ, అందులో వెంట్రుకంత ముల్లు. అది పది దాటింది. నలభైకి వస్తే ఇంజను సిద్ధం.

“టీ గుటకలేస్తున్న చప్పుడు ఈ చెవులతో విన్నానండీ. అంతవరకూ దాని కూత కాస్త జలుబు చేసినట్టుండేది. గొంతులో వేడి టీ పడేసరికి, ఇదిగో ఇలా అయింది.” రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని బాబాయి కూత వేశాడు. గోడమీది పావురాలు లేచిపోయాయి. పేము కుర్చీలో పెద్దావిడ తల కొంచెం కదిలింది గాని కళ్ళు తెరవలేదు. “ఇక చూస్కోండి! టీ తాగినవాడికి నిద్ర ఉంటుందా? దానికీ లేదు. మూడు వాగన్లూ ఒక్క తోపుతో తప్పించేసింది. తప్పించి ఊరుకుంటుందా, ‘ఇంకేముంది పని’ అన్నట్టు బుస్సు బుస్సుమంటుంది. ఇంతలో ఎక్స్‌ప్రెస్ వచ్చింది. వచ్చి, దాని ఇంజను కాస్తా ప్లాట్‌ఫారంలోనే చతికిలబడింది. పద్దెనిమిది పెట్టెలు, నిండా జనం. స్టేషన్ మాస్టరు నా దగ్గరికొచ్చి టోపీ తీశాడు. ‘డ్రైవరుగారూ, ఇక మీరే దిక్కు’ అన్నాడు.”

ఆ ‘డ్రైవరుగారూ’ అన్న మాట దగ్గర బాబాయి గొంతు కాస్త నిదానించింది. ఎన్నిసార్లు చెప్పినా ఆ మాట ఆయనకి తియ్యగానే ఉంటుంది.

ఆ పిలుపు ఆయన్ని కాదు, ఇంకొకాయన్ని పిలవగా విన్నాడు. బాబాయి రైలింజన్ల షెడ్డులో కాల్‌మేన్‌గా పనిచేశాడు. ఏ ఇంజనుకి ఎప్పుడు డ్యూటీ పడిందో చూసుకుని, డ్రైవర్ల ఇళ్ళకి సైకిలు మీద వెళ్ళి కబురు చెప్పి, పుస్తకంలో సంతకం పెట్టించుకు రావడం ఆ ఉద్యోగం. ఇరవై ఎనిమిదేళ్ళు అదే పని. వాళ్ళు వచ్చి ఇంజను ఎక్కేవాళ్ళు, ఈయన కంచె దగ్గర సైకిలుకి ఆనుకుని చూసేవాడు. ఒకసారి ఇరవై మూడో నంబరు డ్రైవరు ‘ఎప్పుడూ అక్కడే నిలబడతావేమయ్యా, ఎక్కు’ అన్నాడు. ఈయన పరుగెత్తుకెళ్ళి కింది మెట్టుమీద కాలు పెట్టాడు. అప్పుడే షెడ్డులోంచి ఫోర్‌మన్ కేకేశాడు, ఇంకెవరినో పిలుచుకు రమ్మని. కాలు దించేసి వెళ్ళిపోయాడు. మరుసటి నెలలోనే ఆ ఇంజన్లన్నీ తీసేశారు, షెడ్డు మూసేశారు, మనుషులు తలో దిక్కూ పోయారు. ఆ మెట్టుమీద ఇంకో క్షణం ఉండుంటే ఏమయ్యేదని ఈయన ఇరవై ఆరేళ్ళుగా అనుకుంటూనే ఉన్నాడు. అలా అనుకోగా అనుకోగా పుట్టినవే ఈ కథలన్నీ.

“ఆ తర్వాతేమైంది బాబాయ్? టోపీ తీశాడు, ఆ తర్వాత?”

“ఆఁ, తగిలించాను. నా బుల్లి ట్యాంకు ఇంజనుకి పద్దెనిమిది పెట్టెలూ తగిలించి రెగ్యులేటరు తిప్పాను. ఎలా తిప్పాననుకున్నారు? రెండు వేళ్ళతో. బలం పెడితే దానికి కోపమొస్తుంది. అది బయల్దేరింది చూడండీ, కరెంటు స్తంభాలు దువ్వెన పళ్ళలా దగ్గరికైపోయాయి. దారిలో నది. నది మీద వంతెన. వంతెనకి నడిమి భాగం లేదు, వరదకి కొట్టుకుపోయింది.”

“ఎండాకాలంలో వరదా?” కంపౌండరు అడిగాడు.

“ఎగువన పడిందయ్యా వాన. మా ఊరికేగా కరువు! ఆపుదామా అనుకున్నాను. నలభై రెండు పెట్టెల జనం...”

“ఇందాక పద్దెనిమిదన్నారు.”

“మధ్యలో స్టేషన్ల వాళ్ళు బతిమాలి తగిలించారు. మాట్లాడనిస్తావా? ఆపితే వెనకాల పెట్టెలన్నీ ఒకదానిమీదొకటి ఎక్కేస్తాయి. అందుకని ఆపలేదు. ‘నిన్నే నమ్ముకున్నాను తల్లీ’ అని రెగ్యులేటరు పూర్తిగా లాగాను. ఎగిరింది! దాని వెనకాలే పెట్టెలు, ఒకటి తర్వాత ఒకటి, గొర్రెలు గోడ దూకినట్టు దూకాయి. గాల్లో ఉండగా పక్కకి చూశాను. నా ఫైర్‌మన్ ఏం చేస్తున్నాడో తెలుసా? రుమాలు తీసి గేజీ అద్దం తుడుచుకుంటున్నాడు! అదండీ మనిషి. కింద నది, పైన ఆకాశం, ఆయనకి మాత్రం అద్దం మీద మరక ఉండకూడదు.”

గడియారాలావిడ తల వంచుకునే నవ్వింది. చాలా చిన్న నవ్వు. ముల్లు ఇరవై ఐదు దగ్గరుంది.

“అవతలి ఒడ్డున దిగాక చూస్తే పట్టాలు లేవు. ఎక్కడో అయిపోయాయి, మేం చూసుకోలేదు. తారు రోడ్డు మీద పోతున్నాం. నాలుగు రోడ్ల కూడలిలో పోలీసు చెయ్యి అడ్డం పెట్టాడు. ఆగాను. చట్టం చట్టమే కదా. స్కూలు పిల్లలు దాటారు, ఓ ముసలాయన దాటాడు, తర్వాత పొమ్మన్నాడు, పోయాను. రోడ్డు కొండెక్కింది, మేమూ ఎక్కాం. ఎక్కగా ఎక్కగా టీ అయిపోయింది. ఆ కొండమీద టీకొట్టు ఎక్కడ? అప్పుడు చూశాను, కొండ నెత్తిన ఓ మబ్బు. నల్లగా, నిండుగా, బరువుగా. ట్యాంకు మూత తీసి బండిని సరాసరి మబ్బులోకి పోనిచ్చాను.”

“అమ్మ బాబోయ్!” అన్నాడు దర్జీ, చొక్కా అంచుతో కళ్ళు తుడుచుకుంటూ.

“రెండు ట్యాంకులూ నిండాయి. మిగిలింది కిటికీల్లోంచి జనం చెంబులు పెట్టి పట్టుకున్నారు. సరే, ఇక తిరుగు ప్రయాణం. వేరే ఇంజనైతే తిప్పి నిలబెట్టాలి. నాది ట్యాంకు ఇంజను, వెనక్కీ అంతే పరుగు. పెట్టాను వెనక్కి. ఎంత వేగమంటే... పోస్టుమాస్టరుగారూ, ఇది సరిగ్గా రాసుకోండి. మేం బయల్దేరింది ఎనిమిదింటికి. తిరిగి స్టేషన్‌కి చేరేసరికి గడియారంలో ఐదున్నర. పొద్దున్న ఐదున్నర. అదే రోజు!”

కలం ఆగిపోయింది. “బయల్దేరకముందే వచ్చేశారా?”

“రెండున్నర గంటలు ముందు. అక్కడొచ్చిందండీ తంటా. ఇంజనులో నా పక్కనున్న ఫైర్‌మన్ ఏడీ? లేడు. ఎలా ఉంటాడు? ఐదున్నరకి ఆయన ఇంకా డ్యూటీకే రాలేదు, ఇంట్లో పడుకుని ఉన్నాడు! ఆయన రాకపోతే నిప్పు వేసేదెవరు, మళ్ళీ ఎనిమిదింటికి మేం బయల్దేరేదెలా? అందుకని నేనే వెళ్ళాను. ఇంకా వెలుగు రాలేదు. వీధిలో ఎవరూ లేరు. ఆయనింటి తలుపు ముందు నిలబడ్డాను. నిలబడి, ఇదిగో...”

బాబాయి చెయ్యి చెక్కమీద కొట్టింది. టక్ టక్ టక్. కాస్త ఆగి, మెల్లగా, ఇంకొక్కటి. టక్.

“వస్తున్నారు,” అంది పేము కుర్చీలోంచి ఓ గొంతు. “బూట్లు వేసుకుంటున్నారు. ఏ బండి?”

“ఇరవై మూడో నంబరు, అమ్మగారూ. యార్డు డ్యూటీ, ఆరింటికి. సంతకం కావాలండీ.”

ఆలోచించి చెప్పిన జవాబు కాదది. వేలసార్లు చెప్పిన నోరు, దానంతటది చెప్పేసింది. చెప్పాక గాని బాబాయికి తనేం అన్నాడో తెలియలేదు. చెక్కమీద పెట్టిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

మొదట తేరుకున్నది దర్జీ. “అదేంటి బాబాయ్, డ్రైవరు వెళ్ళి ఫైర్‌మన్ దగ్గర సంతకం పెట్టించుకుంటాడా?”

“ఫైర్‌మనా? ఎవరు ఫైర్‌మన్?” పెద్దావిడ పూర్తిగా మేలుకుంది. “డ్రైవరు మా ఆయన. ఇరవై మూడో నంబరు మీద పందొమ్మిదేళ్ళు. ఇతను కాల్‌మేన్. నాకు కళ్ళు లేకపోతే ఏం, చెవులున్నాయి. షెడ్డులో ముగ్గురు కాల్‌మేన్లుండేవాళ్ళు. ఒకడు గొళ్ళెం పట్టుకు ఊపేసేవాడు. ఒకడు వీధి చివర్నించే అరుచుకుంటూ వచ్చేవాడు. మూడు కొట్టి, ఆగి, మెల్లగా ఒకటి కొట్టేవాడు ఇతనొక్కడే. పిల్లలు లేవకుండా.”

ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండునని బాబాయికి అనిపించింది. ఎదురుగా ఆకుపచ్చ ఇంజను సన్నగా ఉడుకుతోంది, ముల్లు ముప్ఫై ఐదు దాటింది, పోస్టుమాస్టరు కలానికి మూత పెట్టేస్తున్నాడు.

“నిజమేనండీ,” అన్నాడు బాబాయి. “నేను నడపలేదు. ఎక్కనైనా లేదు. ఒక కాలు పెట్టాను, అంతే.” అని, అక్కడే ఆపకుండా గడియారాలావిడ వైపు తిరిగాడు. “మీ నాన్నగారని తెలియదు తల్లీ. తెలిస్తే ఆయన్ని ఫైర్‌మన్‌ని చేసి మాట్లాడేవాణ్ణి కాదు. తప్పయిపోయింది.”

“నాకు మొదటి ఆదివారమే తెలుసు బాబాయ్,” అంది ఆవిడ.

“మరి మూడేళ్ళూ ఎందుకు ఊరుకున్నావు?”

“మా నాన్న రుమాలు సంగతి తెలిసినవాళ్ళు ఇంకెవరున్నారు? ఇవాళ ఆయన ఎక్కడెక్కడికి ఎగురుతారో అని కూర్చునేదాన్ని. ఎన్ని ఆదివారాలు మిమ్మల్ని ఆపకుండా ఉంటే అన్నిసార్లు నాన్న వచ్చేవారు.” ఆవిడ దీపం కాస్త తగ్గించింది. ఆ మూడేళ్ళలో ఆవిడ ఒక్కసారిగా ఇన్ని మాటలనడం ఎవరూ వినలేదు.

పెద్దావిడ ఒళ్ళో చేతులు ఒకదానిలో ఒకటి పెట్టుకుంది. “నిన్ను ఎంత తిట్టుకునేదాన్నో తెలుసా?” అంది బాబాయితో. “అప్పుడే డ్యూటీనించి వచ్చి నాలుగు మెతుకులు తిని పడుకునేవారు. రెండు గంటలు కాకుండానే నీ చప్పుడు. ఈ మనిషి సైకిలు తగలెయ్య, ఇవాళ రాకపోతే బాగుండును అనుకునేదాన్ని. ఆయన పోయి పదకొండేళ్ళయింది. పోయాక కూడా తెల్లవారగట్ల మెలకువ వచ్చేసేది. ఎవరైనా కొడతారేమో, ఆయన బూట్ల చప్పుడు వినపడుతుందేమో అని అలాగే పడుకునేదాన్ని. పదకొండేళ్ళలో ఒక్కసారీ కొట్టలేదు ఎవరూ.”

చిన్న ఇంజను పైనుంచి సేఫ్టీ వాల్వు ‘స్‌స్’ మని తెరుచుకుంది. ఆవిరి సిద్ధం. దాని బుల్లి బాయిలరులో నీళ్ళు ఎంతోసేపు ఉండవు, వచ్చిన ఆవిరిని వాడుకోవాలి.

పోస్టుమాస్టరు గొంతు సవరించుకున్నాడు. “నిబంధన ప్రకారం... నడిపినవాళ్ళు ఎవరూ లేరు కనక...”

“అమ్మ తిప్పుతుంది,” అంది గడియారాలావిడ.

ఇద్దరు పట్టుకుని పెద్దావిణ్ణి చెక్కల దగ్గరికి తీసుకొచ్చారు. కూతురు ఆవిడ వేళ్ళు పట్టుకుని ఇంజను గదిలో చీపురుపుల్లంత పిడిమీద పెట్టింది. బాబాయి తనంత తనే వెనక్కి జరిగి, పావురాలు వాలే గోడ దగ్గర నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక కట్టుకున్నాడు. ఆ పిడిని రెండు వేళ్ళతో తిప్పాలని ఎన్నాళ్ళనించి అనుకున్నాడో, ఇప్పుడు దాని వైపు చూడలేకపోతున్నాడు.

“ఏడీ, వెళ్ళిపోయాడా?” అంది పెద్దావిడ.

“ఇక్కడే ఉన్నానమ్మగారూ.”

“ఉంటే చాలదు. పిలుపు రాకుండా ఆయన ఏనాడూ బండి కదిలించలేదు. వెళ్ళి కొట్టు.”

పెరటికీ దుకాణానికీ మధ్య ఒక తలుపుంది. బాబాయి దుకాణంలోకి వెళ్ళి ఆ తలుపు దగ్గరగా వేశాడు. లోపల సగం చీకటి. గోడలనిండా గడియారాలు, ఒక్కోటి ఒక్కో టైము చూపిస్తూ కొట్టుకుంటున్నాయి. ఆయన చొక్కా సర్దుకున్నాడు. ఎడమ చంకలో పుస్తకం లేదు, అయినా ఆ చెయ్యి ఒంటికి నొక్కిపెట్టుకునే నిలబడ్డాడు. ఏడుపొచ్చేలా ఉంది, కాని డ్యూటీలో ఏడవకూడదు. కొట్టాడు. మూడు. ఆగి, మెల్లగా ఒకటి.

“వస్తున్నారు,” అంది అవతలినించి గొంతు. “బూట్లు వేసుకుంటున్నారు.”

తర్వాత ఒక క్షణం ఏమీ లేదు. ఆ తర్వాత ‘ఛఫ్’ మని ఒక్కటి వినపడింది. కాస్సేపటికి ఇంకొకటి. మరి రెండు. ఆ పైన లెక్కపెట్టడానికి లేకుండా గబగబా, పట్టాల అతుకులమీద చక్రాల టకటకతో కలిసిపోయి, పెరడు చుట్టూ తిరిగి ఆ చప్పుడు దగ్గరికొచ్చింది, తలుపు పక్కనించే పోయింది. కంపౌండరు ఏదో అరిచాడు. ఎవరో చప్పట్లు కొట్టారు. బాబాయి తలుపుకి చెవి ఆనించి అంతా విన్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళూ ఆయన బండి కదలడం బయటినించే విన్నాడు, ఇప్పుడూ అంతే. ఇక తన పని అయిపోయింది కదా అని అలవాటుకొద్దీ వీధి గుమ్మం వైపు రెండడుగులు వేశాడు.

వెనకాల తలుపు తెరుచుకుంది. ఎండ ఒక్కసారిగా దుకాణంలోకి వచ్చి పడింది. తలుపు పట్టుకుని గడియారాలావిడ నిలబడి ఉంది. ఆమె భుజం పక్కనించి, చెక్కల దగ్గర పెద్దావిడ, ఆవిడ ముందు ఆగి ఆవిరి వదులుతున్న ఇరవై మూడో నంబరు కనిపిస్తున్నాయి.

“మా ఇంటి గుమ్మంలోంచే పంపించేసేదాన్ని ఎప్పుడూ,” అంది పెద్దావిడ, ఎవరితో అంటోందో పేరు పెట్టకుండానే. “మంచినీళ్ళు కావాలా అని కూడా అడగలేదు. లోపలికి రా బాబూ. మా ఆయన డ్యూటీ అయిపోయింది. ఈ చుట్టు నువ్వు తిప్పు.”

బాబాయి పెరటి తలుపు దగ్గర చెప్పులు విప్పి లోపలికి వెళ్ళాడు.